డే గోర్ ఇంతే

కృష్ణపట్నం రేవులో నిచ్చెన మీంచి జారి
తుంటి విరగ్గొట్టుకున్న స్వీడన్ ఓడమనిషిని
పొగతోట ఆస్పత్రికి, మా వార్డుకి తెచ్చినారు.
పేరు ఏస్కిల్. అరవై దాటుంటాయి.
మంచం పొడుగు చాల్లేదు,
పాదాలు ఊచల్లోంచి బయటికి,
వలలో ఇరుక్కున్న రెండు తెల్ల చేపలు.

నేను మస్తానమ్మని.
అతుకుపడ్డ కాళ్ళకి మళ్ళీ అడుగులు నేర్పే గదిలో
పదైదేళ్ళుగా ఆయాని.

రెండు ఇనప కమ్మీల మధ్య నిలబెట్టి
"గో, గో" అన్నా. నాకొచ్చిన ఇంగ్లీషు అంతే.
నొప్పిలోనే నవ్వినాడు.
వాళ్ళ భాషలో కూడా గో ఉందంట,
కానీ అది కాళ్ళ పేరున రాసిచ్చిన మాటంట.
నడిచిపోతేనే గో.
బస్సెక్కితే ఓకా.
బస్సులో కూర్చోని గో అంటే
పిలకాయలు కూడా నవ్వుతారంట.
ఇదంతా ఓడ ఏజెంటు కాడ పనిచేసే సుభాన్
సగం విని, సగం చేతుల్తో చెప్పినాడు.

"మరి రైలో?" అన్నా.
అప్పుడే విజయమహల్ గేటు కాడ ఏదో బండి కూతేసింది.
రైలు నడుస్తాదంట. గడియారం నడుస్తాదంట.
మాక్కూడా అంతే కదబ్బా!
చీటీ నడుస్తాది, కోర్టులో దావా నడుస్తాది,
మా ఆయన లారీ నడిపినాడు,
ఇల్లు నేను నడిపినా.

మూడోనాడు, నాలుగడుగులేసి
కమ్మీ మీద వాలిపోయి
"డే గోర్ ఇంతే" అన్నాడు.
ఇంతే అనంగానే నా చెవి మేలుకుంది.
ఇంతేనా? నాలుగడుగులకే ఇంతేనా?
ఇంకా నాలుగుండాయి, రా సామీ, అని లాగినా.
సాయంత్రం సుభాన్ చెప్పినాడు:
వాళ్ళ ఇంతే మన ఇంతే కాదక్కా,
వాళ్ళ ఇంతే అంటే లేదు అని.
అది నడవదు. కుదరదు. నా వల్ల కాదు.

రాత్రి ఇంటికి పోతా పోతా ఆ మాటే నమిలినా.
ఒక మనిషి కాదంటా ఉంటే
అయిపోవచ్చిందని వినుకున్నా నేను.

పక్క మంచం పెంచలయ్యది.
రామతీర్థం కాడ రొయ్యలగుంటకి కాపలా,
గట్టు జారి కాలు మడతపడింది.
మలైకాజా తుంచి ఏస్కిల్ చేతిలో పెట్టేవాడు.
ఒకరి మాట ఒకరికి తెలీకుండానే
ఇద్దరూ ఉప్పునీళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళు,
అట్నే అనిపించేది నాకు.

శనివారం తెల్లారేతలికి ఆ మంచం ఖాళీ.
కొత్త దుప్పటి పరస్తా ఉంటే
ఏస్కిల్ వేలు చూపించి అడిగినాడు.
సుభాన్ లేడు.
మా వార్డులో పోయినాడు అనే మాట అనకూడదు.
"గో" అన్నా.
ఆయన మొహం వెలిగింది.
రెండు వేళ్ళు దుప్పటి మీద నడిపించి
కాళ్ళతోనా, అని చూపించినాడు.
తర్వాత వంగి చూసినాడు.
మంచం కింద పెంచలయ్య చెప్పులు.
ఎడమదాని వారుకి పిన్నీసు.

దుప్పటి మూల మడిచినా, తీసినా, మళ్ళీ మడిచినా.
చానాసేపటికి ఆయనే, మెల్లగా,
"గొత్ బొట్" అన్నాడు.
దాని అర్థం నాకెవురూ చెప్పబళ్ళేదు.

మద్రాసు విమానానికి కారొచ్చిన పొద్దు
"పోయిరా సామీ" అన్నా.
సుభాన్ మార్చి చెప్పినాడు.
కారులో కదా, గో కాదు, ఓకా, అని దిద్దినాడు ఏస్కిల్.
"మా మాటలో రావడం కూడా ఉందని చెప్పు నాయనా" అన్నా.
సుభాన్‌కి అది ఇంగ్లీషులో రాలేదు.

గుమ్మం నించి కారు దాకా పదకొండు అడుగులు.
కర్ర ఊతంగా, నన్ను చెయ్యి పట్టనీకుండా వేసినాడు.
ఏడో అడుగు కాడ ఆగి వెనక్కి చూసినాడు.
ఇంతే, అనబోయినా.
ఏ ఇంతేనో తేల్చుకోలేక
ఊరుకున్నా.

కారు పొగతోట మలుపు తిరిగినాక గుర్తొచ్చింది,
వాళ్ళ భాషలో కారు నడుస్తాదో నడవదో
అడగనే లేదు.